వ్యాధిగ్రస్తుడు అపరాధియా?

జ్వరము వచ్చిన వానిని చూచి లోకము జాలిపడును. మధుమేహము వచ్చిన వానిని చూచి లోకము విచారణ చేయును. "ఏం తిన్నారు? తీపి ఇంకా మానలేదా? నడుస్తున్నారా? పరగడుపున ఎంత వచ్చింది?" అను ప్రశ్నలు బంధువులనుండి, ఇరుగుపొరుగువారినుండి, కోవెల మండపమున కలిసిన పరిచితులనుండి సైతము వచ్చుచుండును. అడుగువారియందు దురుద్దేశము లేదు. అయినను వినువానికి అవి కుశలప్రశ్నలుగా తోచవు, నేరవిచారణగా తోచును. నాలుగైదేండ్లు ఇట్లు గడచిన పిమ్మట ఇతరులు అడుగనక్కరలేదు. అతడే తన్ను తాను అడుగుకొనుట మొదలిడును. దేహమునకు వచ్చిన వ్యాధి ఒకటి, దానిని అంటి మనస్సునకు వచ్చిన ఈ వ్యథ రెండవది. మొదటిదానికి వైద్యులు కలరు. రెండవదానిని గూర్చి శాస్త్రము తెలిసినవారును, గృహస్థులును ఆలోచింపవలసియున్నది.

భారత వైద్య పరిశోధనా మండలి చేయించిన దేశవ్యాప్త పరిశీలన ఫలితములు 2023లో ప్రకటితమైనవి. వాని ప్రకారము మన దేశమున మధుమేహ పీడితులు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. ఆ వ్యాధి వాకిట నిలిచినవారు మరి 13 కోట్ల 60 లక్షలమంది. వీరిలో అత్యధికులది రెండవ రకపు మధుమేహము. ఇందు దేహము ఇన్సులిన్‌ను పుట్టించక మానదు. పుట్టిన దానికి కండరములును, కాలేయమును సరిగా లోబడవు. ఆ కొరతను పూరించుటకై క్లోమము అధికముగా శ్రమించి క్రమముగా అలసిపోవును. మాత్ర వేసికొనుట, నడచుట, ఆహారమును కొలతగా తినుట, వేలు గ్రుచ్చి రక్తము చూచుకొనుట, కన్నులను, మూత్రపిండములను, పాదములను పరీక్ష చేయించుకొనుట, ఇవి యన్నియు జీవితాంతము నిత్యకర్మలవలె నడువవలసినవి. ఆశౌచకాలమున సంధ్యావందనమునకైనను సంక్షేపము చెప్పబడినది గాని, ఈ నిత్యకర్మకు అదియును లేదు.

ఇంతకాలము ఇంత కట్టుబాటు పాటించువానికి అలసట కలుగుట సహజము. పాశ్చాత్య వైద్యులు దీనిని గుర్తించి, 1995లో అమెరికా దేశమున బోస్టన్ నగరపు వైద్యులు కొందరు 20 ప్రశ్నలతో ఒక పట్టికను సిద్ధపరచిరి. ముందు ముందు కన్ను పోవునేమో, కాలు పోవునేమో అను భయము. నియమము తప్పినపుడు కలుగు అపరాధభావము. భోజనమువేళ ఏదో పోగొట్టుకొంటినను వెలితి. ఈ వ్యాధితో తాను ఒంటరినను తలపు. ఇంటివారికి తన బాధ తెలియదను కినుక, ఇట్టివి అందు అడుగుదురు. ఇది చిత్తవైకల్యము కాదనియు, సామాన్యమైన దిగులు వ్యాధి కూడ కాదనియు, మధుమేహముతో బ్రతుకుటవలన పుట్టు ప్రత్యేక క్లేశమనియు వారి నిర్ణయము. ఇది కేవలము మనస్సుతో ఆగునది కాదు. మనస్సు ఆందోళనపడినపుడు దేహమున స్రవించు రసములు కాలేయమునుండి చక్కెరను రక్తములోనికి విడిపించును. అదిగాక, దిగులుపడినవాడు మందు మరచును, పరీక్షకు వెనుదీయును, చెడ్డ లెక్క చూడవలసివచ్చునని యంత్రమును పెట్టెలో దాచును. చూడని లెక్క పెరుగును. పెరిగిన లెక్క దిగులును పెంచును.

ఈ మాట మనకు క్రొత్త కాదు. చరక సంహిత సూత్రస్థానమున, ఏయే విషయమున ఏది ప్రధానమో చెప్పు పెద్ద పట్టిక యొకటి కలదు. అందు రోగమును పెంచువానిలో విషాదమే అగ్రగణ్యమని ఆచార్యుడు నిర్ణయించెను. ప్రమేహములను ఇరువది విధములుగా విభజించి, సుఖాసనము, అధికనిద్ర, పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు మొదలగు కారణములను నిస్సంకోచముగా చెప్పినవాడును ఆయనయే. కారణమును చెప్పుట చికిత్స కొరకు. రోగిని క్రుంగదీయుట కొరకు ఆ పట్టికను చదువువాడు అదే గ్రంథములోని మరియొక మాటను మరచినవాడగును.

భక్తుల ఇండ్లలో ఈ క్లేశము మరియొక రూపము దాల్చును. ఒక గృహస్థు ఉన్నాడనుకొందము. ఏబదియెనిమిదేండ్లవాడు, ఉద్యోగము విరమించి నిత్యము కోవెలకు పోవువాడు. ధనుర్మాసము వచ్చినది. ముప్పది దినములు తెల్లవారుజామున అర్చకస్వాములు చేతిలో వేడి పొంగలి పెట్టుదురు. తినకున్నచో ప్రసాదమును నిరాకరించిన అపచారము. తిన్నచో ఇంటికి వచ్చి భార్యతోను, కుమారునితోను అబద్ధమాడవలయును. ఆ చిన్న ఆకుదొన్నెయందు రెండు పాపములు కూర్చున్నవని అతని భయము. కొన్నాళ్లకు అతడు కోవెలకు పోవుట తగ్గించును. కారణమడిగినచో మోకాళ్ల నొప్పులనును. మరికొందరు దొన్నెతో స్తంభము చాటునకు పోయి తిందురు. స్వామి ప్రసాదమును దొంగవలె తినవలసిన దుస్థితికంటె భక్తునకు వేరు దుఃఖము కావలయునా?

ఇందు మొదటి భయము నిరాధారము. ప్రసాదమునందు పరిమాణము ప్రధానము కాదు. తీర్థము ఉద్ధరిణెడే ఇత్తురు. తులసి ఒక్క దళమే ఇత్తురు. శఠారి శిరస్సును ఒక్క క్షణమే తాకును. వీనిలో దేనిని గూర్చియు చాలలేదని ఎవరును అనుకొనరు. పొంగలి విషయమున మాత్రము దొన్నె ఖాళీ చేయవలెనని ఎందుకు తలపవలయును? కన్నులకద్దుకొని చిటికెడు నోట వేసికొని, మిగిలినది ప్రక్కనున్న బాలునకిచ్చుట ప్రసాదవినియోగమే. (తీపి కాదు గదా యని పులిహోరను, దద్ధ్యోదనమును కడుపునిండ తినువారును కలరు. అన్నమును రక్తమున చేరి చక్కెరయే యగును.)

రెండవ భయమునకు మూలము లోతుగా ఉన్నది. జన్మాంతరమున చేసిన పాపము వ్యాధిరూపమున పీడించునని ఒక శ్లోకభావము మన ఇండ్లలో తరచుగా వినబడును. దానిని చెప్పువారు పూర్వార్ధముతో ఆగుదురు. ఉత్తరార్ధమున ఆ బాధకు శాంతి చెప్పబడినది. ఆ శాంతులలో మొదట పేర్కొనబడినది ఔషధము. దానము, జపము, హోమము, అర్చన తరువాతి స్థానములందున్నవి. శ్లోకమున సగమును విడిచినచో చికిత్సావచనము కాస్త నిందావచనమైనది. కర్మసిద్ధాంతమును సాధకుడు తన ధైర్యము కొరకు తనకు చెప్పుకొనవచ్చును. "ఇది ఎప్పటికైనను తీరు ఋణము, తీరుచున్నది" అని ఊరట పొందవచ్చును. పక్కింటివాని మంచముకడ నిలుచుండి వానికి దానిని వినిపించుటకు అధికారము ఎవరికిని లేదు. వాని కర్మపుస్తకమును చదివినవారెవరు?

శ్రీవైష్ణవ గురుపరంపరలో ఆళవందారుల చరిత్ర తెలియనివారుండరు. ఆ మహాచార్యులకు రాజపిళవై యను తీవ్రమైన వ్రణము కలిగినదని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. ఇట్టి పరమజ్ఞానికి ఇదేమి పాపఫలమని శిష్యులలో ఎవరును విచారణ చేయలేదు. మాఱనేరి నంబి యను శిష్యుడు ఆ వ్యాధిని ఆచార్యప్రసాదముగా తనకనుగ్రహింపుమని వేడి తన దేహమున ధరించెను. కులముచేత తక్కువవాడని లోకము దూరముంచిన ఆ రోగికి పెరియనంబి తానే భోజనము కొనిపోయి పెట్టుచుండెను. ఊరివారు ఆక్షేపించిరి, ఆయన మానలేదు. అవసానమున సంస్కారము కూడ స్వయముగా జరిపించి, అడిగినవారికి శ్రీరాముడు జటాయువునకు చేసిన సంస్కారమును గుర్తుచేసెను. పెరియనంబి ఆ రోగిని వ్యాధికారణమడిగినట్లు ఎక్కడను వినబడదు.

ఇక తత్త్వవిచారమునకు వత్తము. గీత పదునెనిమిదవ అధ్యాయమున ఏ కర్మ సిద్ధించుటకైనను ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము. శ్రీభాష్యకారులు వీనిని వివరించుచు, అధిష్ఠానమనగా శరీరమనియు, కర్త జీవాత్మయనియు, కరణములు మనస్సుతో కూడిన కర్మేంద్రియములనియు, చేష్ట ప్రాణాది వాయువుల వ్యాపారమనియు, దైవమనగా అంతర్యామియైన పరమాత్మయనియు సెలవిచ్చిరి. ఈ ఐదింటిలో తన్నొక్కనినే కర్తగా చూచుకొనువాడు సరిగా చూచుట లేదని భగవానుడే చెప్పెను. సాధారణముగా ఈ మాటను గర్వించినవానికి చెప్పుచుందురు. ఘనకార్యము చేసి "నేనే చేసితిని" అనువానికి అది ఎంత తగునో, రక్తపరీక్ష కాగితము చేతబట్టి "అంతయు నేనే చెడగొట్టుకొంటిని" అని కుములువానికిని అంతే తగును. అహంకారము ఉబ్బినను అహంకారమే, క్రుంగినను అహంకారమే.

ఆ కాగితముపై లెక్క ఎట్లు పుట్టినదో చూచిన ఈ విషయము స్పష్టమగును. అధిష్ఠానమైన శరీరము తల్లిదండ్రులనుండి వచ్చినది. వారికి మధుమేహమున్నచో బిడ్డకు వచ్చు అవకాశము హెచ్చు. భారతీయుల దేహములు, తూకము తక్కువగానున్నను, నడుము చుట్టును, లోపలి అవయవముల చుట్టును కొవ్వును చేర్చుకొను స్వభావము కలవి. అందుచేత బక్కపలుచనివారికిని, చిన్న వయస్సువారికిని ఇక్కడ ఈ వ్యాధి వచ్చుచున్నది. గర్భమున సరియైన పోషణ లేక తక్కువ తూకముతో పుట్టినవారికి ఈ వ్యాధిభయము అధికమని కూడ వైద్యులు కనుగొనిరి. గర్భస్థశిశువు ఏ జిహ్వాచాపల్యము చేసినది? కరణముల మాట చూతము: నడువుమని వైద్యుడు చెప్పును, మోకాళ్లు నడువనీయవు. చేష్ట, అనగా దేహములోని వ్యాపారము, మనము నిద్రించునపుడును జరుగుచుండును. రాత్రి ఏమియు తినక పరుండినవానికి తెల్లవారు వేళ చక్కెర పెరిగియుండుట కలదు. బ్రాహ్మీముహూర్తమున దేహము తన్ను మేల్కొలుపుకొనుటకు విడుచు రసములే దానికి కారణము. కాలికి చిన్న పుండు చీము పట్టినను, జ్వరము తగిలినను లెక్క పెరుగును. ఇన్నింటి నడుమ కర్త యను జీవుడు ఒకడు. వాడు తిన్న అరిసె ఒకటి కలదు, నిజమే. ఆ అరిసె యొక్కటియే లెక్కయంతయు కాదు.

ఇంటివారి లోకరీతి వేరుగా ఉండును. లెక్క తగ్గినపుడు డాక్టరుగారి మందు గొప్పది; పెరిగినపుడు రోగి నాలుక చెడ్డది. గెలుపులో వాటా లేనివానికి ఓటమిని మొత్తముగా కట్టబెట్టుట ఏ ధర్మశాస్త్రమునందును లేదు.

ఇట్లన్నచో ఒక ఆక్షేపము వచ్చును: కర్త ఐదింటిలో ఒకడే యైనచో నియమమెందుకు, మందెందుకు, స్వామిపై భారమువేసి సుఖముగా తినవచ్చును గదా? ఇది ప్రపత్తి కాదు, సోమరితనము. అనేకులు కలసి కదిలించు పెద్దబండను, మహావృక్షమును భాష్యకారులు ఈ సందర్భముననే దృష్టాంతముగా గ్రహించిరి. పలువురు కలసి చేయు పనియందును ఒకడు హేతువగుటయు, విధినిషేధములకు లోబడుటయు కలవని అక్కడి తాత్పర్యము. భుజము పెట్టవలసినవాడు పెట్టియే తీరవలయును. ఇంగ్లండు దేశమున 1977లో ఆరంభమై రెండు దశాబ్దములు సాగిన ఒక పరిశోధన ఫలితములు 1998లో వెలువడినవి. క్రొత్తగా మధుమేహము కనబడిన ఐదువేలకు పైబడినవారు అందు చేరిరి. చక్కెరను అదుపులో నుంచుకొన్నవారికి కన్నులు, మూత్రపిండములు చెడుట తగ్గినదని అందు తేలినది. పురుషప్రయత్నము వ్యర్థము కాదు. అదే పరిశోధన మరియొక సత్యమును కూడ బయలుపరచెను: శ్రద్ధగా చికిత్స పొందినవారికిని ఏండ్లు గడచినకొలది క్లోమశక్తి క్షీణించుచునే యుండెను, లెక్కలు మెల్లగా పెరుగుచునే యుండెను. కావున పదేండ్ల తరువాత మాత్రలు చాలక ఇన్సులిన్ సూది వేసికొనవలసివచ్చుట రోగి పరాజయము కాదు. వ్యాధి నడక అట్టిది. "సూది దాకా తెచ్చుకున్నారు" అని జాలిగా అనువారు ఈ సంగతి తెలిసినచో అట్లనరు.

శ్రీవైష్ణవులు ప్రతి అనుష్ఠానమునకు ముందు సాత్త్వికత్యాగమును అనుసంధింతురు. కర్తృత్వమును, నాది యను మమతను, ఫలమును మూటిని స్వామియందు విడిచి పిదప కర్మను శ్రద్ధగా చేయుదురు. విడిచినది కర్మను కాదు. ఈ దేహము స్వామికి శేషభూతమైనచో ఉదయము వేసికొను మాత్రయు, సాయంకాలపు నడకయు కోవెలదీపమునకు నూనె పోయుటవంటివే. దీపము కొంచెము రెపరెపలాడినదని నూనె పోయువాడు తన్ను తాను శపించుకొనడు. వత్తిని సవరించును, గాలి వచ్చు కిటికీని మూయును. లెక్కను కూడ అట్లే చూడవలయును. 240 వచ్చినది, ఎందుకు వచ్చెను, రేపు ఏమి మార్చవలెను, వైద్యుని ఏమి అడుగవలెను? అంతటితో ఆ కాగితము పని తీరినది.

భగవంతుని ఆరోగ్యమడుగుటకు సిగ్గుపడువారు కూడ కొందరు కలరు. అల్పఫలము కోరుట భక్తికి కళంకమని వారి శంక. 16వ శతాబ్దిలో కేరళమున మేల్పుత్తూర్ నారాయణ భట్టతిరి వాతరోగముతో బాధపడుచు గురువాయూరప్పని సన్నిధిని నారాయణీయమును రచించెను. దశకము వెంట దశకమున తన రోగమును తీర్పుమని స్వామిని అడుగుచునే పోయెను. ఆయన భక్తి తక్కువదని ఎవరును అనలేదు.

ఇక గృహధర్మము. మధుమేహమనగానే లోకము యజమాని మాటయే తలచును. ఇంటి ఇల్లాలికి వచ్చినపుడు ఆమె కష్టము కంటికి కనబడదు. మడి కట్టుకొని వంట చేయునది ఆమె. నివేదన కాక రుచి చూడదు. ఆరాధన ముగిసి, మగవారు, పిల్లలు, అతిథులు తిన్న తరువాత మిగిలినదానితో మధ్యాహ్నము రెండు గంటలకు తన ఆకు వేసికొనును. మిగిలినది సాధారణముగా అన్నమే. కూరలు మొదటి వరుసలోనే అయిపోవును. మాత్ర ఉదయము ఎనిమిదింటికి వేసికొన్నది. పదకొండుకు చెమటలు పట్టును, చేతులు వణకును, గుండె దడదడలాడును. "పని ఒత్తిడి" అనుకొని స్తంభమునకు ఆనుకొని నిలుచుండును. అది చక్కెర పడిపోవుట. ఆ క్షణమున మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగవలయును. అప్పుడు పంచదారయే ఔషధము. ఆమె నడకకు పోవు వేళ ఏది? ఆమె కంటి పరీక్షకు తోడు పోవువారెవరు? ఇవి ఆమె అడుగదు. అడుగనిదానిని ఇంటివారే కనిపెట్టవలయును.

ఏకాదశి ఉపవాసము విషయమునను ఇట్టి చిక్కే కలదు. ఇన్సులిన్ వాడువారును, చక్కెరను బలముగా తగ్గించు మాత్రలు వాడువారును వైద్యుని అడుగక నిరాహారముగా ఉండరాదు. ఉన్నచో ప్రాణాపాయము. ఉండకున్నచో వ్రతభంగమని మనఃపీడ. వ్రతమును భంగపరుపనివి ఎనిమిదని పెద్దలు చెప్పియున్నారు: నీరు, కందమూలములు, ఫలములు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము. ఔషధముతోబాటు తినవలసిన పాలు, పండు అందే ఉన్నవి. అలిపిరినుండి 3,550 మెట్లు కాలినడకన ఎక్కెదనని మ్రొక్కుకొన్నవారును పాదముల సంగతి ముందుగా చూపించుకొనవలయును. చిరకాలపు మధుమేహమున పాదమునకు స్పర్శ తగ్గును. ఎండలో కాగిన రాయి కాల్చినను, ముల్లు దిగినను తెలియదు. కొండ దిగి ఇల్లు చేరిన తరువాత పుండు కనబడును. మ్రొక్కు చెల్లించు విధమును మార్చుకొనుటకు స్వామి అనుమతింపడని తలచుట ఆయన వాత్సల్యమును శంకించుటయే.

పంక్తి విషయము చెప్పవలసియున్నది. తిరుప్పావైలో గోదాదేవి వ్రతారంభమున పాలను, నేతిని విడుచును. ఇరువదియేడవ పాశురమున నేయి నిండిన పాలన్నమును కోరును. అక్కడ ఆమె కోరినది అన్నముతోబాటు, అందరును కూడి యుండి చల్లబడుట. మధుమేహ పీడితునికి వేరుగా, ముందుగా, వంటింటి మూలన పెట్టి పంపుట సదుద్దేశముతోనే జరుగును గాని, అతడు పోగొట్టుకొనునది తీపికంటె ఆ కూడికనే. కూడారై నాడు అతనిని వరుసలోనే కూర్చుండబెట్టి, ఆకున కూరయు పప్పును ఎక్కువగా, అన్నము తక్కువగా, పాలన్నము ఒక చెంచాడు వడ్డించి, ఆ చెంచాను గూర్చి ఎవరును వ్యాఖ్యానింపక మాటలాడుకొనవచ్చును.

ఇల్లాలికి వ్యాధియున్న ఇంట, ఆరాధన ఆలస్యమగు పండుగదినములలో, తెల్లవారగనే కొంచెము పాలను, ఒక పండును పెరుమాళ్లకు ముందుగా ఆరగింపు చేయవచ్చును. ఆ ప్రసాదముతో ఆమె మాత్ర వేసికొనును. పిదప పొయ్యి వెలిగించి పొంగలికి బియ్యము కడిగికొనును.